ముల్లు ఆగాక పడ్డ కొసరు

నేను ఒక కాటాని. పేరు కాటాయే గానీ కాటు వెయ్యను. నా నెత్తిన పెట్టిందాన్ని మోస్తాను, ముల్లు ఎక్కడ ఆగితే అదే నా మాట. ఇప్పుడు కూరగాయల పరిశోధన స్థానం వారి స్టోరు గదిలో, వేపపిండి బస్తాలకీ చిరిగిన గోనెలకీ మధ్య కూర్చుని ఉన్నాను. ఈ కంపు నాకో లెక్క కాదు. ఇంతకన్నా పెద్ద కంపులు చూశాను, అవన్నీ మనుషులవి.

మామూలుగా నన్ను తుడిచే దిక్కు ఉండేది కాదు. అలాంటిది ఒక రోజు పొద్దున్నే ఇక్కడ కూలీ చేసే నూకరాజు నన్ను సబ్బు పెట్టి, కొబ్బరి పీచుతో తోమి, ముఖానికి పసుపు రాసి, బొట్టు కూడా పెట్టాడు. ఎందుకయ్యా ఈ పెళ్లికూతురి వేషం అంటే, ఈ పరిశోధన స్టేషనుకి ఇన్నోవా కారు వస్తోందట!

జరిగింది ఇదీ. ముందురోజు ఇక్కడి శాస్త్రవేత్త డాక్టర్ హైమ గారు వరండాలో నిలబడి ఫోన్లో ఎవరితోనో, "అనోవా వస్తే గానీ ఏ సంగతీ తేలదండీ, రేపు మధ్యాహ్నానికి వచ్చేస్తుంది" అంది. ఆ పక్కనే గంపలు దులుపుతున్న నూకరాజు చెవిన పడింది. అతని చెవి కాస్త మందం, నోరు బాగా పల్చన. సాయంత్రానికల్లా కూలీలందరికీ కబురు వెళ్లిపోయింది. "ఇన్నోవాలో పెద్దోళ్లెవరో దిగుతున్నారంట! మేడం గారి వంకాయ సంగతి తేల్చేత్తారంట!"

ఇక చూసుకోండి. దారి పొడుగునా రాళ్లకి సున్నం కొట్టారు. కోత కోసే పోలమ్మ పెళ్లినాటి పట్టుచీర కట్టుకుని వంగతోటలో దిగింది. వాచ్‌మన్ బొత్తాలన్నీ పెట్టుకుని గేటుకి అతుక్కుపోయాడు. ఛీ! మనిషి సంగతి నాకు రోత పుట్టించేది ఇక్కడే. లెక్క వస్తోందంటే ఆవులిస్తాడు, కారు వస్తోందంటే పూనకం వచ్చినట్టు ఊగుతాడు.

ఆ మధ్యాహ్నం ఏమైందో చెప్పాలంటే ముందు నా పుట్టుక చెప్పాలి.

నన్ను పోత పోసింది ఒక రేకుల షెడ్డులో. గుండ్రటి ముఖం, మధ్యలో ఎర్ర ముల్లు, నెత్తిన ఇనప పళ్లెం, లోపల స్ప్రింగు. బయటికి పంపేముందు తూనికల అధికారి వచ్చి, బరువులు పెట్టి చూసి, నిజం చెబుతుందని సీలు వేశాడు. మనుషులకి అలాంటి సీలు వేసే ఆఫీసు ఎక్కడా లేదు. ఉంటే సగం మంది పాత ఇనుముకే వెళ్లేవారు.

మొదటి కాపురం కోడి కొట్టులో. దాన్ని కొట్టు అని ఎందుకన్నారో రెండ్రోజుల్లో అర్థమైంది. వాడు కోడినీ కొట్టేవాడు, కొనేవాణ్నీ కొట్టేవాడు. నెత్తురు, ఈకలు, పేగులు, ఈగలు... థూ! నా పళ్లెం అంచు మీద వాడి బొటనవేలు ఎప్పుడూ తమలపాకులా ఆని ఉండేది. అక్కడున్నంత కాలం నేను ఎక్కువగా తూచిన మాంసం ఏదంటే, ఆ బొటనవేలే.

రెండో కాపురం పాత పేపర్లు కొనేవాడి దగ్గర. వీడిది తిరకాసు కాపురం. అక్కడ ముల్లు దిగాలని వేలితో నొక్కితే, ఇక్కడ ముల్లు దిగకూడదని కింద నుంచి మోకాలితో ఎత్తేవాడు. ఒకడు నా నెత్తి నొక్కాడు, ఒకడు నా పీక ఎత్తాడు. బరువు చూసేదాన్ని నేను, పరువు పోగొట్టేది వీళ్లు!

మూడో చెయ్యి నూకరాజుది. బజార్లో కూరగాయలు అమ్మేవాడు. పేరులో నూక ఉంది గానీ చేతిలో నూక గింజంత పిసినారితనం లేదు. వేలు పెట్టడు, మోకాలు పెట్టడు. హమ్మయ్య, మనిషి దొరికాడనుకున్నాను. కానీ ఇతని జబ్బు వేరు. ముల్లు ఆగాక ఇతని చెయ్యి ఆగదు. కిలో వంకాయలు తూగాయా, పైన ఇంకో వంకాయ. పావు పచ్చిమిర్చి తూగిందా, పైన గుప్పెడు. "కొసరు లేని బేరం, ముసురు లేని శ్రావణం" అని తనే ఒక సామెత కట్టుకుని, ఎవరూ అడక్కుండానే పడేసేవాడు. ఆడపిల్లల తల్లులకి ఒక కొసరు, కడుపుతో ఉన్నవాళ్లకి రెండు. నచ్చనివాడికి కొసరూ లేదు, నవ్వూ లేదు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు అతని అరుగు పోయింది. పరిశోధన స్థానంలో రోజు కూలీకి కుదిరాడు. అక్కడి కాటాకి స్ప్రింగు సాగిపోయి మూల కూర్చుంటే, "మా కాటా ఉందండి, బంగారం" అని నన్ను తెచ్చాడు. హైమ గారు పరీక్ష బరువులు ఒక్కోటీ పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టి, నా ముల్లుని చాలాసేపు చూసి, "దీని మాట నమ్మొచ్చు" అంది. నా జన్మలో నేను విన్న ఒకే ఒక్క మెచ్చుకోలు అది. అయితే ఆవిడ పరీక్షించింది నన్ను. నా మీద పెట్టే చేతిని కాదు.

అక్కడ నడుస్తున్నది నాలుగు రకాల వంకాయల పోటీ. ఒకటి కంపెనీ వారి హైబ్రిడ్, ఒకటి పక్క రాష్ట్రం రకం, ఒకటి స్టేషను వారి పాత రకం. నాలుగోది హైమ గారిది. సాయంకాలపు ఏటి రంగు ఊదాలో ఉంటుందని "ఏటివన్నె" అని పేరు పెట్టుకుంది. చదువుకునే రోజుల నుంచీ రెండు మొక్కల్ని కలిపి, పిల్ల మొక్కల్ని ఏరి, మళ్లీ నాటి, మళ్లీ ఏరి, చంటిదాన్ని సాకినట్టు సాకింది. ఏటివన్నె సగటు దిగుబడి మిగిలినవాటికన్నా నిజంగా ఎక్కువని తేలితే రాష్ట్ర కమిటీ ముందుకి వెళ్తుంది, విత్తనం రైతు చేతికి చేరుతుంది. తేలకపోతే అన్నేళ్ల తపస్సూ పచ్చిపులుసే.

ఒక్కో రకాన్నీ ఒక్క చోటే కాకుండా చిన్న చిన్న మడులు చేసి చేనంతా కలగలిపి నాటారు. ఒక మడిలో నేల సారం, ఒక మడిలో చెట్టు నీడ, ఒక మడిలో ఎలుకల బొరియ. ఆ అదృష్టం, దురదృష్టం అన్ని రకాలకీ పంచాలి కదా! గట్టు వారనున్న మొక్కలకి వెలుతురూ నీరూ ఎక్కువ, అందుకని వాటి కాయలు లెక్కలోకి రావు. విడిగా కోసి నా పక్కనే కుప్ప పోసేవారు. ఆ కుప్పే కొంప ముంచింది.

కోత రోజు హైమ గారు చేను అవతలి చివర మడులకి చీటీలు కడుతూ ఉండేది. ఇక్కడ పోలమ్మ గంప దించేది, నూకరాజు తూచేవాడు. పుచ్చు కాయల్లోంచి పురుగులు బయటికొచ్చి నా పళ్లెం మీద షికారు చేసేవి. సరే, వాటి రోత వాటిది. పురుగు కనీసం పురుగులా ఉంటుంది.

"ఎంత నూకరాజు గారూ?" అని అవతలి నుంచి కేక.

ముల్లు ఆగింది. నూకరాజు చెయ్యి కుప్పలోకి వెళ్లింది. రెండు నిగనిగలాడే కాయలు నా నెత్తిన పడ్డాయి. ముల్లు ఇంకాస్త దిగింది. అప్పుడు బరువు చదివి అరిచాడు.

పోలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇందాక కంపెనీ గంపకి వెయ్యలేదేంటి బావా?"

"కంపెనీ ఓడికి కొసరెందుకే? ఆడెప్పుడైనా మనకేసేడా?"

"మరి సర్కారు రకానికి?"

"సర్కారు కడుపు కొసరుతో నిండుద్దా?"

"పక్క రాష్ట్రం ఓళ్లకో?"

"ఆళ్ల కొసరు ఆళ్ల రాష్ట్రంలో ఏసుకోమను. ఇది మన మేడం గారి పంట. మన పిల్ల తూకానికి కొసరెయ్యకపోతే నా చెయ్యి పడిపోద్ది."

చూశారా! ఇందులో మోసం లేదు. అదే నాకు మరీ కంపరం. మోసగాడు నొక్కితే తిట్టుకోవచ్చు. మర్యాదస్తుడు నొక్కితే ఏమని తిట్టను? బజార్లో ఆ కొసరు బేరం తెగాక పడేది, తూకం చెడేది కాదు. ఇక్కడ బరువు చదవకముందే చెయ్యి దాని అలవాటు అది చేసేసింది. పోనీ అందరికీ ఒకేలా వేసినా బాగుండేది. నాలుగు సగట్లూ కలిసి పైకి జరిగేవి, వాటి మధ్య తేడా ఉన్నంతే ఉండేది. ఒక్క రకానికే, ప్రతి మడికీ, ప్రతి కోతకీ వేశాడు. సగటంటే సగం గుట్టు. లోపల కొసరు దాక్కున్నా పైకి కనబడదు.

ఇన్నోవా రావాల్సిన మధ్యాహ్నం హైమ గారు కంప్యూటర్ గదిలోంచి పరిగెత్తుకొచ్చి, "వచ్చేసింది! వచ్చేసింది!" అని అరిచింది. అంతే, కూలీలందరూ గేటుకి పరిగెత్తారు. పట్టుచీర ముళ్లకి తగిలి చిరుగుతున్నా పోలమ్మ ఆగలేదు. గేటు బయట ఒక గేదె నిలబడి ఉంది. వాచ్‌మన్ తన పరువు కాపాడుకోవడానికి, "వచ్చిందండి, గేటు మీద నంబరు చూసుకుని ఎనక్కెళ్లిపోయింది" అని చెప్పాడు. అందరూ నమ్మారు. రాని కారుకి సాక్షి దొరుకుతాడు, పడ్డ కొసరుకి దొరకడు!

స్టేషను పెద్ద డాక్టర్ మార్తాండరావు గారు గదిలోంచి కండువా సర్దుకుంటూ వచ్చారు. ఆయనకి లెక్కతో పని లేదు, ఒక్క మాటతోనే పని.

"తేడా ఉందా?"

"ఉంది సార్! రకాల మధ్య తేడా చెప్పే ఎఫ్ విలువ చాలా పెద్దదొచ్చింది. ఏటివన్నె మిగతా మూడిటికన్నా స్పష్టంగా ఎక్కువ."

"శభాష్! రైతు దినం నాడు పత్రికల వాళ్లని పిలుద్దాం. నా ఫోటో ఎడమ వైపు నుంచి తీయించు."

హైమ గారు నవ్వింది. ఆ నవ్వు నాకు గుర్తుంది. మనిషి ముఖంలో ఒళ్లు జలదరింపజెయ్యనిది నేను చూసిన కొద్ది వాటిలో అదొకటి. అందుకే ఆ కొసరు కాయలు నాకు ఇంకా బరువనిపించాయి.

ఆ సంబరంలో గట్టు కుప్ప కాయల్ని స్టాఫుకి పంచమన్నారు. నూకరాజు నన్ను అరుగు మీద పెట్టి ఒక్కొక్కరికీ తూచాడు. హైమ గారి సంచీ వంతు వచ్చింది. ముల్లు ఆగింది. రెండు కాయలు పైన పడ్డాయి.

"అదేంటి నూకరాజు గారూ, సరిపోయాయి కదా!"

"కొసరండి."

"నాకెందుకండీ కొసరు?"

"భలేవోరే! మీకు కొత్తా ఏంటండి? మీ మడులకి ప్రతి కోతకీ ఏత్తానే ఉన్నాను కదండి!" అన్నాడు, వరమిచ్చిన దేవుడిలా.

ఆవిడ సంచీ అరుగు మీద పెట్టేసింది. "ఏ మడులకి?" అంది.

"ఏటివన్నెకండి. మిగతా ఓళ్లకి ఒక్కటేసుంటే ఒట్టు!"

పోలమ్మ కూడా గొప్పగా తలూపింది. హైమ గారు తిట్టలేదు. గట్టు మీదకి వెళ్లి, మోకాళ్ల మీద గడ్డం ఆన్చి, ఏటివన్నె మడుల వంక చాలాసేపు చూస్తూ కూర్చుంది. "ఏటయిందంటావ్?" అని నూకరాజు అడిగితే, "సంతోసం పట్టలేక" అంది పోలమ్మ.

మార్తాండరావు గారు సంగతి విని నా పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

"వంకాయకి వంక పెడతావేంటమ్మా? రెండు కాయలు! వాటితో కూర కూడా అవదు."

"ప్రతి మడికీ రెండు సార్. నా సగటు మాత్రం పెరిగింది, నా మడులకీ మడులకీ మధ్య తేడా పెరగలేదు. దొంగ తేడాకి ఇంతకన్నా మంచి ముసుగు ఉండదు."

"ఎవరికి తెలుస్తుంది? నీకు తెలుసు, నాకు తెలుసు, ఆ కాటాకి తెలుసు. కాటా మాట్లాడుతుందా?"

మాట్లాడలేను గాబట్టి బతికిపోయారు సార్! ఆ క్షణాన నాకు నోరుంటే, కోడి కొట్టులో నేర్చుకున్న మాటలన్నీ ఆయన కండువా మీద పోసేదాన్ని.

"అంత కష్టపడి పెంచుకున్నదాన్ని నీ చేత్తో నువ్వే చంపుకుంటావా?" అన్నారాయన.

"బతికిందో చచ్చిందో ముల్లు చెప్పాలి సార్. అది పాతరకమేనని తేలితే పాతరేస్తాను. అబద్ధం మీద నాటిన విత్తనం రైతు చేలో నిజం చెబుతుంది, అప్పుడు నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

ఆవిడ అప్పటిదాకా వేసిన తూకాలన్నీ, నాలుగు రకాలవీ, పక్కన పడేసింది. అదృష్టం, వంగ ఒక్క కోతతో అయిపోయే పంట కాదు. కాపు సగమే అయింది. వచ్చే కోత నుంచి కొత్త లెక్క మొదలుపెట్టి, మళ్లీ అనోవా చేస్తానంది. "మళ్లీ ఇన్నోవా వత్తాదంట!" అని నూకరాజు కబురు మోసేశాడు. మళ్లీ సున్నం, మళ్లీ బొత్తాలు. పోలమ్మ చిరుగు కనబడకుండా పట్టుచీర మడత మార్చి కట్టింది.

ఈసారి కోతకి హైమ గారు నా పక్కనే నిలబడింది. గట్టు కుప్పని చేను అవతలికి తోలించేసింది. నూకరాజు అవస్థ చూడాలి! ముల్లు ఆగగానే కుడిచెయ్యి లేచేది. ఎడం చేత్తో దాన్ని పట్టుకుని వెనక్కి కట్టుకునేవాడు.

"దురద పుట్టిందా బావా?" అంది పోలమ్మ.

"నవ్వకే! తూకం ఏసి కొసరెయ్యకుండా పంపడమంటే, ఇంటికొచ్చినోడికి మంచినీళ్లివ్వకుండా తలుపేసినట్టుంటాది."

హైమ గారు అతని భుజం తట్టింది. "మీ మంచినీళ్లు నాకు కావాలి నూకరాజు గారూ. పాలల్లో మాత్రం పొయ్యకండి."

కాపు అయ్యాక లెక్క మళ్లీ వేసింది. అనోవా వచ్చింది. ఏటివన్నె సగటు మిగతావాటికన్నా రవంత పైనే ఉంది. కానీ ఏటివన్నె మడుల్లోనే ఒకటి పొంగితే ఒకటి కుంగింది. మిగతా రకాలదీ అదే కథ. లోపలి తేడా ముందు ఆ రవంత పైచేయి దేనికీ కొరగాలేదు. ఎఫ్ విలువ బక్కచిక్కిపోయింది. కమిటీ ముందుకి వెళ్లే మాట ఈ ఏటికి లేదు.

రైతు దినం వచ్చింది. షామియానా కింద రైతులు, కూలీలు, మజ్జిగ గ్లాసులు. పత్రికల వాళ్లని వద్దన్నారు గనక మార్తాండరావు గారు ముఖం కుడి వైపుకి తిప్పుకుని కూర్చున్నారు. బల్ల మీద నన్ను పెట్టారు, పక్కన నాలుగు రకాల వంకాయలు. హైమ గారు మైకు తీసుకుని దాచకుండా చెప్పేసింది. మొదటి లెక్క తప్పని, రెండో లెక్కలో తేడా తేలలేదని, ఏటివన్నె గెలిచిందని చెప్పలేనని. కొసరు సంగతీ చెప్పింది. నూకరాజు పేరు మాత్రం చెప్పలేదు. "పరీక్ష పెట్టినదాన్ని నేను, చూసుకోవాల్సిందీ నేనే" అంది.

ఒక రైతు లేచాడు. "తేడా లేకపోవడవేంటమ్మా? సగటు పైనే ఉందన్నారు కదా? పైనున్నోడే గెలిచినోడు!"

ఆవిడ జవాబు చెప్పేలోపు పోలమ్మ లేచింది. "అదంతా సరే గానండి, ఇన్నోవా ఏదండి? రెండుసార్లొచ్చిందన్నారు, మేం ఒక్కసారీ చూళ్లేదు. నా పట్టుచీర చిరిగిపోయింది!"

"ఏ ఇన్నోవా?" అంది హైమ గారు.

"తమరే అన్నారు కదండి ఫోన్లో," అన్నాడు నూకరాజు, "ఇన్నోవా వత్తే గానీ ఏ సంగతీ తేలదని."

సున్నం రాళ్లు, నా బొట్టు, వాచ్‌మన్ బొత్తాలు, గేటు దగ్గర గేదె, అన్నీ ఒకదాని వెనక ఒకటి ఆవిడ కళ్లలో తిరిగినట్టున్నాయి. తర్వాత మైకులోనే పకపకా నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్విందేమో, కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

"కారు కాదమ్మా! అనోవా. అదో లెక్క పేరు. మీ అందరికీ తెలిసిన లెక్కే. ఒక వీధిలో నాలుగు ఇళ్లున్నాయనుకోండి. ఈ ఇంటికీ ఆ ఇంటికీ పడదని ఎవరో అన్నారు. నిజమో కాదో ఎలా చెబుతాం? ముందు ఒక్కో ఇంట్లో వాళ్లలో వాళ్లకి గొడవ ఎంతుందో చూడాలి. తోడికోడళ్లిద్దరూ జుట్లు పట్టుకుంటున్న ఇంట్లోంచి కేక వినిపిస్తే, అది పక్కింటి మీద కోపమో, ఇంటి గోలో తెలియదు. లోపలి గోల కన్నా ఇళ్ల మధ్య గోల బాగా పెద్దదైతేనే, అవును, ఈ ఇళ్లకి పడదు అంటాం. నాలుగు ఇళ్లనీ ఒక్కసారే కూర్చోబెట్టి తేల్చాలి. ఇద్దరిద్దరిని పిలిచి పంచాయితీ పెట్టుకుంటూ పోతే, ఎక్కడో ఒక చోట ఉత్తినే తగువు కనబడుతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు చూడండి, అనోవా అంటే అదే. మా ఏటివన్నె ఇంట్లోనే ఇంకా సర్దుకోలేదు. రచ్చ గెలిచిందని ఎలా చెప్పను?"

ప్రశ్న అడిగిన రైతు నెమ్మదిగా కూర్చున్నాడు. "మా ఇంటి లెక్కే" అన్నాడు పక్కవాడితో. వాచ్‌మన్ మాత్రం షామియానా గుంజ చాటుకి వెళ్లిపోయాడు.

నూకరాజు లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. "అంటే... మొదటిసారి రచ్చ గెలిపించింది నా కొసరాండి?"

ఆవిడ తలూపింది.

"ఆ చెయ్యి నాదేనండి," అన్నాడు అందరి వైపూ తిరిగి. "మేడం గారు పేరు దాచారు."

సభ అయ్యాక హైమ గారు ఇంటికి వంకాయలు కావాలని సంచీ చాచింది, ఏటివన్నెవే. నూకరాజు తూచాడు. ముల్లు ఆగింది. అలవాటుగా చెయ్యి లేచింది, రెండు కాయలు పట్టుకుంది, నా నెత్తి మీదకొచ్చి గాలిలో నిలబడిపోయింది. షామియానా కింద మిగిలినవాళ్లందరూ చూస్తున్నారు. అతను బరువు గట్టిగా చదివాడు. నా మీదున్నవి తీసి సంచీలో పోశాడు. నా ముల్లు సున్నాకి వచ్చిందని వంగి చూసుకున్నాడు. అప్పుడు ఆ రెండు కాయల్నీ నాకు తగలకుండా పక్క నుంచి తిప్పి, సంచీలో వేశాడు.

"తూకం దీని మీద. కొసరు సంచీలో. వచ్చే పంటకీ అంతేనండి."

ఆవిడ సంచీ భుజానికి వేసుకుంది. ఖాళీ పళ్లెంతో, ముల్లు సున్నా మీద పెట్టుకుని, నేను అలాగే కూర్చున్నాను. ఆ పూటకి మాత్రం నాకు రోత పుట్టలేదు.